పిల్లవాడి చేతికి ముందు తాళాలు ఇద్దాం

మేము 2006 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాసి, రేకు పెట్టెలు నెత్తిన పెట్టుకొని ఈ గేటు దాటిన వాళ్లం. ముగ్గురం డోంగ్లి, దాని చుట్టుపక్కల ఊళ్ల పిల్లలమే. అప్పుడు డోంగ్లి నిజామాబాద్ జిల్లా మద్నూర్ మండలంలో ఒక గ్రామం. 2016లో మన జిల్లా కామారెడ్డి అయింది, 2022లో డోంగ్లి మండలమే అయింది. మా తల వెంట్రుకల రంగు కూడా కొంచెం మారింది.

ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు ఏం రాయాలో మాకు తోచలేదు. ఆ వారంలోనే మా ముగ్గురిలో ఒకడు మిగతా ఇద్దరికీ ఫోన్ చేశాడు. వాడి బిడ్డకు ఆరేళ్లు. వాళ్ల గల్లీలో పిల్లలందరూ సంగీతం క్లాసుకు పోతున్నారట. "మన పోరిని కూడా పంపాల్నా, ఇంకా ఆగాల్నా? ఎట్ల తెలుస్తదిరా?" అని అడిగాడు. చిన్న ప్రశ్నే. కానీ జవాబు చెప్పబోయేసరికి మా ముగ్గురికీ ఒకే తమ్ముడు గుర్తొచ్చాడు. ఇరవై ఏళ్లుగా మేము ఒకరితో ఒకరం సరిగ్గా మాట్లాడుకోని సంగతి అది. అదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు మా ఇళ్లలో పాట ఎట్లా వచ్చేదో చెప్పాలి. మనది మూడు రాష్ట్రాల కూడలి. ఇటు తెలుగు, అటు దెగ్లూర్ వైపు మరాఠీ, ఇంకోవైపు బీదర్ కన్నడం. బడిలో తెలుగు చదివి, ఇంట్లో మరాఠీ మాట్లాడే వాళ్లం మాలో సగం మంది. సోయా కోతలప్పుడు పాట, పత్తి ఏరేటప్పుడు పాట. ఏప్రిల్ 14 వచ్చిందంటే రాత్రంతా బాబాసాహెబ్ మీద భీమ్ పాటలు. ఆగస్టు 1న అణ్ణాభావు సాఠే జయంతి. బడికి సరిగ్గా పోకుండానే అంత పెద్ద రచయిత, షాహిరు అయిన మనిషి పేరు మీద హల్గి మోగితే ఊరు ఊరంతా నిలబడేది. ఏకాదశి నాడు విఠోబా భజన.

ఆ భజనల్లో చిన్నపిల్లలకు ఒక వరస ఉండేది. ఎవరూ రాసి పెట్టింది కాదు. పిల్లవాడు ముందు తల్లి ఒడిలో పడుకొని వింటాడు, వింటూ నిద్రపోతాడు. కొంచెం పెద్దయ్యాక ఎవరో ఒకరు చేతిలో తాళాలు పెడతారు. తప్పు కొడితే పక్కనున్న ముసలాయన చేయి పట్టి సరి చేస్తాడు, అంతే. తరువాత వంత పాడేవాళ్లలో కలుస్తాడు. వంతలో ఉన్నప్పుడు ఎంత తప్పు పాడినా పదిమంది గొంతుల్లో కలిసిపోతుంది. ఎప్పుడో ఒక రాత్రి పాట ఎత్తుకునే మనిషి దగ్గు వచ్చి ఆగితే, ఆ పిల్లవాడే పాట అందుకుంటాడు. వాడికి వయసు వచ్చిందా, నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాడా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ సంగతి అందరికీ తెలిసిపోయేది.

హాస్టల్‌కు వచ్చాక మేము ఆ వరస మరిచిపోయాం. మరిచిపోయి చేసిన పనే ఈ కథ.

2004 జూన్‌లో మేము తొమ్మిదో తరగతిలోకి వచ్చాం. అదే నెలలో మూడో తరగతికి ఒక తమ్ముడు చేరాడు. ఎనిమిదేళ్లు ఉంటాయి. మొదటి వారమంతా ఏడుపే. అన్నం పళ్లెం ముందు పెట్టుకొని గేటు వైపు చూసేవాడు. మూడో తరగతిలో ఇల్లు విడిచి వచ్చిన వాళ్లందరికీ ఆ చూపు తెలుసు. రాత్రి కరెంటు పోయినప్పుడు హాలులో వరుసగా పడుకునేవాళ్లం. ఒక రాత్రి చీకట్లో సన్నగా పాట వినబడింది. ఆ తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకొని పాడుకుంటున్నాడు. అది ఇసుర్రాయి దగ్గర ఆడవాళ్లు పాడుకునే ఓవీ. జొన్నలు విసురుతూ వాళ్ల ఆయి పాడేదట. గొంతు ఎక్కడా వణకలేదు. హాలంతా ఊపిరి బిగబట్టి విన్నది. పాట అయిపోయాక వాడు నిద్రపోయాడు. ఏడవకుండా పడుకున్న మొదటి రాత్రి అది.

మేము మాత్రం పడుకోలేదు. "వీడు పాటగాడురా" అనుకున్నాం. అప్పట్లో మద్నూర్‌లో ఏ హోటల్ టీవీలోనైనా 'పాడుతా తీయగా' వస్తుంటే నిలబడి చూసేవాళ్లం. మన హాస్టల్ నుంచి కూడా ఒకడు ఆ స్టేజీ ఎక్కాలని మాకు ఒక్కసారిగా ఆశ పుట్టింది. అది మా ఆశ. ఆ తమ్ముడిని మేము అడగలేదు.

మా వాడకట్టులో ఒక పెద్దాయన ఉండేవాడు. పగలు కూలికి పోయేవాడు, రాత్రి భజనలో హార్మోనియం పట్టేవాడు. అందరూ బువా అనేవాళ్లు. వార్డెన్ సారును అడిగి శనివారం సాయంత్రం బువాను హాస్టల్ వరండాలోకి పిలిపించాం. తమ్ముడికి నూనె రాసి, తల దువ్వి ఎదురుగా కూర్చోబెట్టాం.

బువా వాడిని పాట పాడమనలేదు. ముందు చప్పట్లు కొట్టి, "నాతోటి కొట్టు" అన్నాడు. నాలుగు చప్పట్లు బాగానే కొట్టి, ఐదో దానికి వాడి కళ్లు హార్మోనియం తిత్తి మీదికి పోయాయి. తరువాత బువా ఒక స్వరం పట్టి "నువ్వు గూడ అను" అన్నాడు. వాడు సరిగ్గానే కలిపాడు, కానీ సిగ్గుతో గొంతు లోపలికి పోయింది. పది నిమిషాలు కాకముందే లేచి, గ్రౌండులో గోలీలాట వైపు చూశాడు. బువా నవ్వి, "గొంతు మంచిగుంది. పోరడు ఇంకా చిన్నోడు. కూసునే అలవాటు కానియ్యుండ్రి. నేను శనివారం శనివారం వస్త, మీరందరు పాడుండ్రి, వాడు మీ నడుమ కూసుంటడు" అన్నాడు.

మాకు ఆ మాట నచ్చలేదు. జనవరి 26 దగ్గరికి వస్తున్నది. మేమే గురువులమయ్యాం. వాడి ఆయి ఓవీ బాణీ తీసుకొని, దానికి దేశభక్తి మాటలు మేమే తెలుగులో రాశాం. మైకులో గట్టిగా వినిపించాలని పై శ్రుతిలో ఎత్తించాం. మా గొంతులకు కుదిరిన పద్ధతిలో వాడిని పాడమన్నాం. రోజూ బడి విడవగానే వరండాలో నిలబెట్టేవాళ్లం. సరిగ్గా వచ్చేదాకా ఆటకు పంపేవాళ్లం కాదు. నెల తిరిగేసరికి వాడి గొంతు బొంగురు పోయింది. "చలికాలం గదా" అనుకొని వేడినీళ్లు తాగించి మళ్లీ పాడించాం.

2005 జనవరి 26న జెండా ఎగరేశాక తమ్ముడు మైకు ముందుకు వచ్చాడు. మొదటి మాట అన్నాడు. రెండో మాటకు గొంతు పగిలింది. వాడు మా వైపు చూశాడు. మేము "పాడు, పాడు" అని చేతులు ఊపాం. వాడు నోరు మూసుకొని అట్లనే నిలబడ్డాడు. ఎవరో నవ్వారు. మాలో ఒకడు పోయి వాడి చేయి పట్టుకొని కిందికి దించాడు.

ఆ రోజు పాట పోతే పోయింది. మాకు గుచ్చుకున్నది తరువాతి సంగతి. ఆ రాత్రి కరెంటు పోయింది. మేము చెవులు రిక్కించుకొని ఉన్నాం. ఓవీ వినబడలేదు. మరుసటి రాత్రీ లేదు. ఆ నెలంతా లేదు. వాడు మళ్లీ గోడ వైపు తిరిగి ఏడ్చుకుంటూ పడుకోవడం మొదలుపెట్టాడు.

అదే ఏడాది మాలో ఒకడికి గొంతు మారింది. ఇప్పుడు బిడ్డ కోసం ఫోన్ చేసినవాడే. పొద్దున ప్రార్థనలో ముందు నిలబడి పాడేవాడు. ఒక రోజు గొంతు కోడిపుంజు కూతలాగా రెండుగా చీలింది. మేము పడిపడి నవ్వాం. "నీ పని అయిపోయిందిరా" అని వరుసలో వెనక్కి పంపాం. వాడు మళ్లీ ముందుకు రాలేదు. సంవత్సరంలో ఇద్దరి నోళ్లు మూయించిన ఘనులం మేము.

ఇప్పుడు తెలిసిన సంగతులు అప్పుడు తెలిస్తే బాగుండేది. చిన్న పిల్లల గొంతులోని స్వర తంత్రులు పెద్దవాళ్ల కంటే పొట్టిగా, లేతగా ఉంటాయి. వాటితో గట్టిగా అరిపిస్తే, పై శ్రుతి పట్టిస్తే అవి వాచిపోతాయి. అదే పనిగా అరిస్తే చేతికి కాయలు కాసినట్టు వాటి మీద కూడా చిన్న బొడిపెలు కడతాయి. రెండు మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే డాక్టరుకు చూపించాలి తప్ప వేడినీళ్లు తాగించి పాడించకూడదు. మగపిల్లలకు సుమారు 12 నుంచి 15 ఏళ్ల మధ్య తంత్రులు పొడుగై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది కానీ అంత తేడా తెలియదు. ఆ నెలల్లో గొంతు మాట వినదు. అందుకని పాట మానేయనక్కర లేదు. మెల్లగా, కింది శ్రుతిలో, కొద్దికొద్దిగా పాడుకుంటూ ఉంటే గొంతు తన చోటు తాను వెతుక్కుంటుంది. పాడలేని రోజు తాళం వేయవచ్చు.

ఇంకో మాట. ఎన్నిసార్లు చెప్పినా స్వరం కలపలేని పిల్లవాడిని మొద్దు అనకండి. మా కాలంలో చెవిలో చీము కారే తమ్ముళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉండేవాళ్లు. సరిగ్గా వినబడకపోతే ఎట్లా పాడతాడు? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు వినికిడి కూడా పరీక్షిస్తారు. ఆ బృందం వచ్చిన రోజు తమ్ముళ్లు సిగ్గుపడకుండా చెవి సంగతి చెప్పాలి.

ఏ వయసులో మొదలుపెట్టాలి అంటే పెద్దల జీవితాలు ఒకే జవాబు చెప్పవు. 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లకే విజయవాడలో కచేరీ చేశారు. కానీ ఆయన తండ్రి సంగీతకారుడు, ఇల్లంతా సంగీతమే, పైగా పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వంటి గురువు దొరికారు. ఎనిమిదేళ్లు అనే అంకె మాత్రం తీసుకొని మన పిల్లవాడి నెత్తిన పెడితే మేము చేసిన పనే అవుతుంది. ఘంటసాల కథ వేరు. 1922లో చౌటపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద ఎక్కి, ఆయన పాడే తరంగాలకు ఆడేవారు. తండ్రి చిన్నతనంలోనే పోయారు. తరువాత పాట నేర్చుకోవాలని తానే పట్టుబట్టి విజయనగరం పోయారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రి గారు చదువు చెప్పారు, కడుపు నిండడానికి మాత్రం మధుకరం ఎత్తుకోవలసి వచ్చింది. ఇంటింటా అన్నం అడుక్కొని పాట నేర్చుకున్న ఆ పిల్లవాడి ఆకలి హాస్టల్ పిల్లలమైన మనకు ఒకరు చెప్పనక్కర లేదు. ఇక మన బాబాసాహెబ్ జీవితం చివరి కాలంలో, అంత పని ఒత్తిడిలో కూడా వయొలిన్ నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఆలస్యమైపోయిందని ఎవరైనా అంటే ఆయనను గుర్తు చేయండి.

మా అనుభవంతో మేము చూసుకునే గుర్తులు నాలుగు. పిల్లవాడు ఎవరూ అడగకుండానే పాట దగ్గరికి వస్తున్నాడా? విన్న స్వరాన్ని అటూ ఇటుగానైనా కలుపుతున్నాడా? నడక తప్పకుండా కొంతసేపు తాళం వేయగలడా? పావుగంట ఒక చోట కూర్చొని చెప్పింది వింటున్నాడా? సరళీ వరుసలు మొదలుపెడితే అదే స్వరాన్ని మూడు కాలాల్లో మళ్లీ మళ్లీ అనాలి. ఈ ఓపిక చాలామందికి ఆరేడేళ్ల తరువాతే వస్తుంది, కొందరికి పదేళ్లకు వస్తుంది. రాలేదంటే పిల్లవాడిలో లోపం ఉన్నట్టు కాదు. అందాకా వినడానికి, చప్పట్లు కొట్టడానికి, పదిమందిలో కలిసి పాడటానికి ఏ వయసైనా పనికొస్తుంది. నాలుగు గుర్తుల్లో మొదటిది లేకుండా మిగతా మూడు ఉన్నా ఆగడమే మంచిది. మా తమ్ముడు పాట దగ్గరికి రోజూ వచ్చేవాడు. కానీ వాడు వచ్చింది వాళ్ల ఆయి దగ్గరికి. మేము అది గమనించలేదు.

జనవరి 26 తరువాత బువాకు ముఖం చూపించడానికి మాకు సిగ్గయింది. ఆయన మాత్రం తిట్టలేదు. శనివారం వచ్చి కూర్చొని, ఒక జత తాళాలు ఆ తమ్ముడి ముందు పెట్టాడు. "పాడకు. కొట్టు" అన్నాడు. అంతే. వాడు కొట్టాడు. ఫిబ్రవరి, మార్చి అట్లనే గడిచాయి. సెలవుల తరువాత మళ్లీ వచ్చి తాళాలే పట్టాడు. వానాకాలంలో ఒకనాడు వంతలో వాడి గొంతు కలిసింది. మేము ముగ్గురం విన్నాం, తల తిప్పి చూడలేదు. చూస్తే ఆపేస్తాడని భయం. 2005 డిసెంబరులో, మేము పదో తరగతి స్టడీ అవర్‌లో ఉండగా, వాడు తానే పోయి బువా ఎదురుగా కూర్చొని, "నాకు పేటీ నేర్పుతవా బువా?" అని అడిగాడు. మన దిక్కు హార్మోనియంను పేటీ అనే అంటాం. బువా వాడి చేయి పట్టుకొని ఒక మెట్టు మీద పెట్టాడు. పోయిన ఏడాది పది నిమిషాలు కూర్చోలేనివాడు ఆ రోజు అన్నం గంట కొట్టినా లేవలేదు.

ఆ తమ్ముడు టీవీ స్టేజీ ఎక్కలేదు. ఇప్పుడు ఆటో ట్రాలీ నడుపుతున్నాడు. ఊరి భజనలో పేటీ వాడిదే. నిరుడు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు అన్నాల దగ్గర మేము ముగ్గురం వాడిని పక్కకు పిలిచి, అప్పటి సంగతి ఎత్తి, "తప్పు చేసినం తమ్మీ" అన్నాం. వాడు నవ్వాడు. "స్టేజీ సంగతి నాకు అంత గుర్తు లేదన్నా" అన్నాడు. కాసేపు ఆగి, "అది మా ఆయి పాట గదన్నా. మీరు తీస్కపోయి మైకుకు ఇచ్చిండ్రు. అటెన్క రాత్రి పాడుకుందామంటే అది మీ పాట లెక్క కొట్టింది" అన్నాడు. వాళ్ల ఆయి ఇప్పుడు లేదు. మేము ఏం మాట్లాడలేకపోయాం. వాడే మా పళ్లేల్లో ఇంకో గరిటె అన్నం వేయించాడు.

తమ్ముళ్లూ, మీలో పాడేవాళ్లు ఉంటారు. పెద్ద తరగతుల వాళ్లకు మా మనవి ఒక్కటే. చిన్న తమ్ముడు చీకట్లో పాడుకుంటుంటే వినండి. మరునాడు పొద్దున వాడిని మైకు ముందు నిలబెట్టకండి. గొంతు మారుతున్న తొమ్మిదో తరగతి వాడిని చూసి నవ్వకండి, వాడికి తాళాలు ఇవ్వండి. పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. ప్రతి వార్షికోత్సవానికి మనం చందాలు వేసి పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు తెస్తున్నాం. ఈసారి మా ముగ్గురి తరఫున నాలుగు జతల తాళాలు, ఒక పాత పేటీ బాగు చేయించి తెస్తున్నాం. బువా ఇప్పుడు లేడు. శనివారాలు వచ్చి కూర్చుంటానని ఆ తమ్ముడు మాట ఇచ్చాడు. ఐదో తరగతి లోపు వాళ్లకు పోటీ, బహుమతి ఏదీ వద్దు. వచ్చి కూర్చుంటే చాలు.

ఇక ఫోన్ చేసిన మావాడికి ఏం చెప్పామంటే, "క్లాసు సంగతి తరువాత, ముందు నీ బిడ్డ ఇంట్లో ఎవరి పాట వింటున్నది?" అని అడిగాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తొమ్మిదో తరగతిలో మేము వెనక్కి పంపిన తరువాత వాడు ఎక్కడా గొంతు విప్పలేదు. మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. రాత్రి అన్నాల తరువాత చిన్నప్పటి భజన ఒకటి ఎత్తుకున్నాడట. గొంతు ఎటో పోయిందట. బిడ్డ నవ్వి, చెంచాతో పళ్లెం మీద తాళం కొట్టిందట. "తప్పు కొట్టిందిరా, కానీ ఆపలేదు" అన్నాడు.